గిన్నెలు ఎవరు కడిగారు?

విల్మార్ ఎచెవెర్రీ మోంతెవిదేయోలో ఒక కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు సానపట్టేవాడు. అరవై దాటినా ఒంటరివాడే. తన మనసు మగవాళ్ళ మీదికే పోతుందని కుర్రతనంలోనే తెలుసుకున్నాడు గానీ, అలా అతను మనసుపడ్డవాళ్ళెవరూ అతని గదిలో ఎక్కువకాలం నిలవలేదు. నిలిచినవి పుస్తకాలే. మగవాళ్ళను ప్రేమించిన మగవాళ్ళ కథలు ఆదివారం వీధి సంతలో ఎక్కడ కనిపించినా కొనేవాడు. సైనిక పాలన రోజుల్లో వాటికి వంటల పుస్తకాల అట్టలు తొడిగేవాడు. ఆ రోజులు పోయాక అట్టలు తీసేశాడు.

చదివేకొద్దీ సందేహాలు పుట్టేవి. ఆ ఇద్దరిలో ఒకడు ఎప్పుడూ డబ్బున్నవాడే ఎందుకవుతాడు? వాళ్ళు విడిపోయేటప్పుడు వానెందుకు పడుతుంది? చివర్లో ఒకడు పోయి తీరాలా? సినిమాకెళ్తే తెరకంటే జనాన్నే ఎక్కువ గమనించేవాడు. వయసులో ఉండగా చూసిన ఒక సినిమాలో ఇద్దరు నావికులు చేతులు పట్టుకోగానే హాలంతా గొల్లుమని నవ్వింది. వాళ్ళలో ఒకడు చచ్చిపోతే అదే హాలు ముక్కులు చీదుకుంది. మనం చస్తే వీళ్ళకు అభ్యంతరం లేదన్నమాట, బతికితేనే నవ్వొస్తోంది అనుకున్నాడు విల్మార్. కోపం కంటే, ఎందుకిలా అన్న ఆరాటమే అతన్ని ఏళ్ళ తరబడి వదల్లేదు.

ఆ మధ్య పేట గ్రంథాలయంలో శనివారం సాయంత్రాలు ఇలాంటి సినిమాలు వేసి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కాలేజీ పిల్లలు. వాళ్ళ మధ్య డెబ్బై ఏళ్ళ నెల్దా, చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కుతో, చేతిలో టీలా తాగే మాతే ఆకు నింపిన సొరకాయ బుర్రతో వచ్చి ముందు వరసలో కూర్చునేది. ఎప్పుడూ నోరు విప్పని విల్మార్ ఒకరోజు సినిమా అయ్యాక లేచి నిలబడ్డాడు.

"నాదొక చిన్న సందేహం. వీళ్ళిద్దరూ రెండు గంటలసేపు ప్రేమించుకున్నారు. ఒక్కసారన్నా భోంచేశారా? గిన్నెలు ఎవరు కడిగారు?"

పిల్లలు నవ్వారు. నెల్దా నవ్వలేదు, వెనక్కి తిరిగి చూసింది. బయట బస్టాపులో అతన్ని పట్టుకుంది.

"ఏమయ్యా, నువ్వడిగిందే తెలుసుకుందామని నేనూ వస్తున్నా."

"గిన్నెల సంగతా అండీ?"

"గిన్నెల సంగతే. మా తమ్ముడు ఒలెగారియో పైసాండూ ఊళ్ళో రుఫినో అనే ఆయనతో ఉంటాడు, మా అమ్మ బతికున్నప్పటి నుంచీ. చుట్టాలందరం రుఫినోని అద్దెకున్నాయన అంటాం. ఇల్లు చూస్తే రుఫినోదే."

విల్మార్‌కు నవ్వాగలేదు. "మరి అద్దె ఎవరు ఎవరికి కడతారు?"

"అదే ఎవరూ అడగలేదు." నెల్దా మాతే ఆకు మీద వేడినీళ్ళు పోసి, తాగమని సొరబుర్ర అతని చేతికిచ్చింది. "ఏటా వేసవిలో వెళ్తాను, చేపలు తింటాను, వస్తాను. ఏమడగాలో తెలీదు నాకు. సినిమాలు చూస్తే తెలుస్తుందేమో అనుకున్నా. వీటిలో అందరూ పడుచువాళ్ళే, అందరూ ఏడుపే. మా వాడు ఏడవగా నేను చూళ్ళేదు, ఫుట్‌బాల్ ఓడినప్పుడు తప్ప."

ఆ శీతాకాలమంతా విల్మార్ ఆమెకు పుస్తకాలిచ్చాడు. ఆమె చదివి వెనక్కి తెచ్చేది. "ఇందులో కుర్రాడు ఏట్లో దూకాడు. ఇంకోటివ్వు." మళ్ళీ వచ్చేది. "ఇందులో జ్వరంతో పోయాడు. నీ దగ్గర బతికి బట్టకట్టినవాళ్ళే లేరా?" విల్మార్ అలమారంతా వెతికాడు. లేకపోలేదు గానీ, బాగా తక్కువ. అప్పుడు తనమీద తనకే ఒక అనుమానం వచ్చింది. రాసినవాళ్ళు సరే, కొనుక్కున్నది తనే కదా. అందరూ చచ్చిపోయే కథలు చదువుతూ కూర్చుంటే, గదిలో ఒక్కడే ఉండటం మామూలు సంగతిలాగే అనిపించేది. ఆ మాట నెల్దాకు చెబితే ఆమె, "ఈసారి వేసవికి, జనవరిలో, మా తమ్ముడింటికి నాతో రా" అంది.

వాళ్ళు పైసాండూ చేరేసరికి రుఫినో పెరట్లో బొగ్గుల మీద చేప కాలుస్తున్నాడు. ఒలెగారియో పక్కన నిలబడి సణుగుతున్నాడు.

"ఉప్పు వద్దన్నాడుగా డాక్టరు."

"నాకు వద్దన్నాడు. చేపకు కాదు."

విల్మార్ కుర్చీ అంచున కూర్చుని, ఒక్క మాటా పోనివ్వకుండా విన్నాడు. ఇంత మంచి పోట్లాట ఏ పుస్తకంలోనూ దొరకలేదు అతనికి.

భోజనం మధ్యలో నెల్దా ఫోర్కు పక్కన పెట్టింది. "తమ్ముడూ, అద్దె ఎంత కడుతున్నావు?"

ఒలెగారియో నోట్లో చేప ఉంది. రుఫినోయే అన్నాడు, "అక్కా, కట్టుకున్నవాడు అద్దెలు కడతాడా?"

"కట్టుకోవడమేమిటి?"

"మాలాంటివాళ్ళ పెళ్ళికి చట్టం వచ్చిన ఏడే రిజిస్టరాఫీసులో చేసుకున్నాం. ఊరందరికీ తెలుసు."

"నాకు చెప్పలేదేం?"

"నువ్వడిగితే చెబుదామని ఆగాం" అన్నాడు ఒలెగారియో. "నువ్వా అడగవు. ఈయనేమో ఈసారి అడుగుతుందని నువ్వొచ్చే ముందు ఏటా కొత్త చొక్కా కొనుక్కుంటాడు."

నెల్దా రుఫినో చొక్కావైపు చూసింది. కొత్తదే. "కేకు ఎవరు చేశారు?"

"బజార్లో కొన్నాం."

"నన్నడిగితే నేను చేసేదాన్ని కాదూ" అంటూ ఆమె చేతిరుమాలుతో కళ్ళు ఒత్తుకుంది. రుఫినో లేచి వచ్చి ఆమె పళ్ళెంలో ఇంకో చేప ముక్క వేశాడు.

ఆమె కాస్త తేరుకున్నాక విల్మార్ అడిగాడు, మీలాంటివాళ్ళ సినిమాలు ఎప్పుడైనా చూశారా అని.

"ఒకటి చూశాం" అన్నాడు రుఫినో. "నేను నిద్రపోయాను. ఈయన ఏడ్చాడు."

"ఎందుకు?"

ఒలెగారియో రొట్టె తుంచుతూ చెప్పాడు. "అందులో ఒకడు కిటికీ దగ్గర నిలబడి రెండోవాడికోసం చూస్తుంటాడు. వాడు రాడు. ఈయనకు గుండె ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రి కిటికీ దగ్గర నేనూ అట్లాగే నిలబడ్డాను. ఈయన వచ్చాడు. కానీ నిలబడటం ఒకటే కదండీ."

ఏడుపు కథలన్నీ చచ్చినవాళ్ళవేనని విల్మార్ ఇన్నాళ్ళూ అనుకున్నాడు. కలిసి ముసలివాళ్ళయినవాళ్ళకు కూడా అవి పనికొస్తాయని అతనికి తట్టలేదు.

తిరుగు ప్రయాణంలో బస్సంతా చేప వాసన. ముందు సీట్లో ఆవిడ వెనక్కి తిరిగి, ఏమిటమ్మా అది అనడిగింది.

"చేపండీ. మా తమ్ముడి మొగుడు కట్టిచ్చాడు" అంది నెల్దా.

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, నిమ్మకాయ పిండారా అని అడిగింది. ఇద్దరూ వంటల్లో పడ్డారు. విల్మార్ వింటూ కూర్చున్నాడు, ఇంటికెళ్ళాక ఏ పుస్తకం మళ్ళీ మొదటినుంచి చదవాలా అని ఆలోచిస్తూ.