తొట్టి అడుగున గుల్లలు

తొట్టి అడుగున ఏం పరచాలి అన్న ఒక్క ప్రశ్న నన్ను నాలుగు రోజులు పిచ్చిదాన్ని చేసింది. తొంభైల మొదట్లో భద్రాచలంలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. మా పిల్లల్లో చాలామంది అడవి పల్లెల నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాళ్లు. గోదావరి వరద ఎక్కడిదాకా వస్తుందో వేలు పెట్టి చూపించగలరు గానీ, సముద్రం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. బతికున్న సముద్రపు చేపను చూపిస్తానని క్లాసులో గొప్పగా మాటిచ్చేశాను.

విశాఖపట్నంలో ఉన్న నా స్నేహితురాలు నల్లచారల చేపలు రెండు, ఐదు డబ్బాల సముద్రపు నీళ్లు ఇచ్చింది. వాటిని బస్సులో తేవడం ఒక నరకం. డబ్బా కారి పక్కావిడ చీర తడిసింది. ఆవిడ దిగిందాకా నన్ను తిడుతూనే ఉంది. జాగ్రత్తలన్నీ స్నేహితురాలు ఒక కాగితం మీద రాసిచ్చింది. అడుగున ఏటి ఇసుక వద్దు. గుల్లల పలుకులు రెండంగుళాలు పరచు, వాటిలోని సున్నం కొద్దికొద్దిగా కరిగి నీళ్లు పులుపెక్కకుండా చూస్తుంది. ఏది వేసినా బాగా కడిగి వెయ్యి.

కాలేజీకి వచ్చి చూద్దును కదా, మా అటెండర్ అప్పటికే గాజుతొట్టిలో గోదావరి ఇసుక పోసి, మూలన పసుపు కుంకుమ కూడా పెట్టి నిలబడ్డాడు. నాకంటే పదేళ్లు పెద్దవాడు.

"రెండుసార్లు జల్లెడ పట్టి తెచ్చిన మేడం. రాములోరి కల్యాణం పందిట్ల పోసేది గీ ఇసుకనే. దీన్ని మించింది ఏడుంటది?"

"ఎవరు పొయ్యమన్నారయ్యా నిన్ను?"

ఆ ఇసుక తోడడానికి ఒక పూట పట్టింది. తోడినంతసేపూ నేను తిట్టాను, ఆయన విన్నాడు. తొట్టి విషయంలో ఇంకోసారి నోరు తెరిస్తే ఊరుకోనని కూడా చెప్పాను.

సముద్రపు గుల్లలు మా ఊళ్లో ఎక్కడ దొరుకుతాయి? సంతలో సున్నం అమ్మే ముసలామె గుర్తొచ్చింది. వాగుల్లో, చెరువుల్లో నత్తగుల్లలు ఏరేది ఆమే. సముద్రానివి కాకపోయినా గుల్ల గుల్లే కదా అని వెళ్లాను.

"అవ్వా, నాకు రెండు గంపల గుల్లలు కావాలి. మట్టీ మశానం ఉండకూడదు. తెల్లగా, శుభ్రంగా ఉండాలి."

"అవ్, రేపు పొద్దుగాల పంపుత. నా గుల్లకు వంక పెట్టినోళ్లు లేరు బిడ్డా."

మర్నాడు వచ్చాయి. నిజంగానే పాలలా తెల్లగా ఉన్నాయి. వచ్చిన రోజు నుంచి చేపలను ఉంచిన టబ్బులో నీళ్లు చెడిపోతున్నాయని, అప్పటికే వాటిని అడుగున ఏమీ పరవకుండానే సముద్రపు నీళ్లు పోసిన తొట్టిలోకి మార్చాను. అవి గాజు అడుగును చూసి బెదిరి మూలమూలకూ కొట్టుకుంటున్నాయి. ఇంత తెల్లటివాటిని ఇంకేం కడుగుతాం అనుకుని గంప ఎత్తాను.

"మేడం, గవి..." అన్నాడు పక్కనే ఉన్న అటెండర్.

"నోరు మూసుకుంటావా లేదా?" అని గుమ్మరించేశాను.

తొట్టి బుస్సుమంది. నీళ్లు క్షణాల్లో తెల్లబడి వేడెక్కాయి. అవి కాల్చిన గుల్లలు! మా వైపు సున్నం అమ్మే మనిషిని గుల్లలు అడిగితే బట్టీలో కాల్చినవే ఇస్తారు. ఇంటికి తెచ్చి కుండలో నీళ్లు పోసుకుంటే సున్నం అవుతుంది. పచ్చి గుల్లలతో ఎవరికేం పని? మా ఇంటి గోడలకు నేనే ఎన్నిసార్లు అలా నానబెట్టానో. ఎమ్మెస్సీ చదివిన బుర్రకు ఆ ముక్క తట్టలేదు.

అటెండర్ మోచేతిదాకా చెయ్యి పెట్టి దేవాడు. ఒక చేప బతికుండగా దొరికింది. మిగిలిన ఒక్క డబ్బా నీళ్లూ టబ్బులో పోసి అందులో వేశాం. రెండోది దొరికేసరికి చచ్చిపోయింది. ఆయన చెయ్యి ఎర్రగా పొక్కింది.

"చెప్దామనే అనుకున్న మేడం. మీరు కోపంల ఉన్నరు."

నాకు ఏడుపొచ్చింది. ఏడవడం ఇష్టంలేక అవ్వ మీద పోట్లాటకు ఆమె ఇంటికి వెళ్లాను.

"గోడలకనుకున్న. చేపలకని ఒక్క మాట జెప్తే పచ్చియే ఇస్తుంటి గద బిడ్డా," అంటూ ఒక మూట నా చేతిలో పెట్టింది. ఆ మూట పట్టుకుని కాలేజీకి వచ్చేశాను.

ఆ పచ్చి గుల్లలను రోట్లో నలగ్గొట్టి, నీళ్లు తేటపడేదాకా కడిగి, టబ్బు అడుగున పరిచాను. చేప కాసేపు బెదురుగా తిరిగి, తర్వాత గుల్లల మీద నిమ్మళంగా నిలబడింది. మర్నాడు పిల్లలు వరసలో వచ్చి ఒక్కొక్కరే వంగి చూశారు. ఒకమ్మాయి తలెత్తి అడిగింది.

"రెండు తెచ్చిన్రని జెప్పిన్రు గద మేడం. ఇంకోటేది?"

అటెండర్ కట్టు కట్టిన చేతిని వెనక్కి పెట్టుకున్నాడు.

"బస్సుల కుదుపులకు సచ్చిపోయింది బిడ్డా. మేడం ఏం జేస్తది?"

ఆ మాట నాకు తిట్టుకంటే ఎక్కువగా తగిలింది.

"బస్సులో కాదమ్మా," అన్నాను. "ఈయన చెబుతుంటే వినకుండా నేనే చంపాను."