కాలేజీ నుంచి వచ్చిన సైన్సు పెట్టె

పేపర్లో బడిపిల్లకాయలు సైన్సు సామాన్లు ముందర పెట్టుకోని నిలబడిన ఫోటో కనపడిందంటే నేను ఆ పేపరు మడిచి పక్కన పెట్టేస్తా. ఏమైందని ఇంట్లోవాళ్ళు అడుగుతారు. ఏమీ కాలేదంటా. ముసలోని చాదస్తంలే అని వాళ్ళు ఊరుకుంటారు. చాదస్తం కాదు, సిగ్గు. ఇన్నేండ్లయినా చెవులు వేడెక్కుతాయి.

మాది కడప జిల్లాలో ఒక మగ్గాల ఊరు. రెండో యుద్ధం ఇంకా రాలేదు. ఊర్లో హైస్కూలు ఉండేది గానీ, సైన్సంటే నల్లబోర్డు మీద సుద్దముక్కతో గీసిన బొమ్మలే. అయ్యవారు గాజుబుడ్డి బొమ్మ గీసి ఇది ఫ్లాస్కు అంటే, ఫ్లాస్కు అని రాసుకొనేవాళ్ళం. దాన్ని చేత్తో ముట్టుకున్నోడు క్లాసులో ఒక్కడూ లేడు. మా సైన్సయ్యవారు ఆ యేడే వచ్చిన పడుచాయన, బ్రాహ్మలాయన. ఆయనకు ఈ సుద్దముక్క చదువంటే కడుపుమంట. తాను చదివిన కాలేజీకి పోయి, వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి ఒక ఏర్పాటుకు ఒప్పించుకోని వచ్చినాడు. కాలేజీవాళ్ళు తమ సామాన్లు కొన్ని ఒక పెట్టెలో పెట్టి మా బడికిస్తారు. ఏడాదంతా అది మా దగ్గరే ఉంటాది. అప్పుడప్పుడు వాళ్ళ మనిషి వచ్చి పాఠం చెప్పి పోతాడు. దానికి బదులుగా మా పిల్లోళ్ళు గీసిన బొమ్మలు, చేసిన చేతిపనులు కాలేజీలో జరిగే ప్రదర్శనకు పంపాల. ఆ పెట్టెతో బాగా నేర్చుకున్నోళ్ళను మటుకు కాలేజీ సైన్సు క్లాసులో ఫీజు లేకుండా చేర్చుకుంటారు.

ఆ చివరి మాట విన్నప్పటినుంచి నాకు అన్నం సయించలేదు. ఎందుకంటే ఇంట్లో నాయన ముందే చెప్పేసినాడు. "రేయ్ అబ్బోడా, ఈ యేడుతో సరి. కాలేజీవాళ్ళు పిలిస్తే పో, నేనొద్దనను. లేదంటావా, గుంతలోకి దిగు." గుంతంటే మగ్గం కింద కాళ్ళు పెట్టుకోని కూర్చునే గుంత. నాయన కోపంతో అన్న మాట కాదది. ఆయన నడుము అప్పటికే పోయింది, ఇంట్లో రెండో మగ్గం మనిషి లేక ఖాళీగా ఉండాది. ఆయన మాత్రం ఏం చేస్తాడు.

కాలేజీ పెద్దాయన ఎర్రగుంట్ల స్టేషన్లో రైలు దిగి, పెట్టెతో సహా ఎద్దులబండిలో వచ్చినాడు. నల్లకోటు, జరీ తలపాగా. శానా నెమ్మదస్తుడు. మేము పిల్లకాయలం ఎట్ల నేర్చుకుంటామో చూసి, పెట్టె ఉంచేదా తీసకపోయేదా అని ఆయనే తేల్చల్ల. అందుకని హెడ్మాస్టరు తెల్లారి నుంచే మమ్మల్ని హాల్లో వరసగా కూర్చోబెట్టి, దగ్గినోణ్ణల్లా కండ్లతోనే తిడతాండాడు.

పెట్టె తెరిచినారు. రంపంపొట్టులోంచి ఒక్కొక్కటే బయటికి తీస్తాంటే మేమందరం మెడలు చాచి చూస్తాండాము. ఆఖర్న ఒక గాజు డబ్బా తీసినారు. దాంట్లో అయస్కాంతం సూది ఒకటి సన్నటి పట్టుపోగుతో వేలాడతా ఉండాల. బండి కుదుపులకు ఆ పోగు కాస్తా తెగి, సూది అడుగున పడి ఉండాది. పెద్దాయన మొగం మాడిపోయింది. "ఇదే అసలుదండీ. దీంతోనే పాఠమంతా. ఇది లేకపోతే నేను వచ్చి ఏం లాభం?" అన్నాడు. మా సైన్సయ్యవారు ఆ డబ్బా దిక్కు చూస్తా నిలబడిపోయినాడు. ఆయన పడిన పాటంతా మట్టిలో కలిసినట్టే ఉండాది.

ఇక్కడ మా వీధి సంగతి ఒకటి చెప్పాల. పొద్దున్నే పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులు, వీధి పొడుగునా సాగదీసి గంజి పెడతారు. ఆ పక్కన పోయేవాడు ఎవరైనా సరే, తెగిన పోగు కంటబడితే నిలబడి అతికి పోవాల. ఎవరి పడుగని అడిగేది లేదు, పెండ్లికి పోతాండాననో, పనుండాదనో చెప్పేది లేదు. కొనలు నాలుక మీద తడుపుకోని, వేళ్ళ మధ్య పురి తిప్పి అతికేసి పోతారు. చూసి కూడా దాటుకోని పోయినోణ్ణి వీధంతా చెప్పుకోని తిడతారు. నడక వచ్చినప్పటినుంచి నాకు అదే అలవాటు.

నేను లేచి ముందుకు పోయినట్టు కూడా నాకు గుర్తు లేదు. డబ్బా మూత తీసి, తెగిన కొనలు రెండూ నాలుకకు అంటించుకోని, పురి తిప్పి, పట్టు కాబట్టి జారుతాదని కనపడీ కనపడని ముడి ఒకటి వేసి, సూదిని మెల్లగా వదిలినా. అది కొంచేపు అటూ ఇటూ ఊగి, ఉత్తరం దిక్కుకు తిరిగి నిలబడింది. పెద్దాయన గబగబా బ్యాటరీకి తగిలించిన తీగ తెచ్చి దాని దగ్గర పెట్టినాడు. సూది గిరుక్కున తిరిగింది. "భలేవాడివోయ్" అన్నాడు. నా ఒళ్ళు పొంగిపోయింది. కాలేజీ సీటు నా జేబులో పడిందనే అనుకున్నా. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తాది.

"రేయ్, నోట్లో పెట్టినావు కదరా దాన్ని" అన్నాడు హెడ్మాస్టరు. "అంతా ఎంగిలి చేసినావు కదరా."

నాకు మొదట అర్థమే కాలేదు. మా ఇంట్లో ఎంగిలంటే కంచానికి, చెంబుకే గానీ పోగుకు ఎంగిలి యాడిది? అట్లయితే ఊర్లో ఎవరూ చీర కట్టుకోకూడదు. ఈ మాట ఇప్పుడు నోటికొస్తాంది, అప్పుడు రాలేదు. ముందు వరసలో పిల్లకాయలు కొందరు వెనక్కి జరిగినారు. అటెండరు తడిగుడ్డ తెచ్చి, నేను ముట్టుకున్న చోటల్లా తుడిచినాడు. "పసివాడండీ, తెలియక చేసినాడు" అని సైన్సయ్యవారు నా తరఫున చెప్పినాడు. ఆ 'తెలియక' అన్న మాటతో నా తల ఇంకా కిందికి పోయింది. నా చేతులు నాకే రోతగా కనపడినాయి. వాటిని వెనక్కి పెట్టుకున్నా.

పెద్దాయన మాత్రం నవ్వినాడు. "సైన్సులో ఎంగిలి లేదండీ" అని హెడ్మాస్టరు నోరు మూయించి, నా భుజం మీద చెయ్యేసినాడు. ఆ క్షణంలో ఆయన నాకు దేవుడే. తర్వాత హాలు దిక్కు తిరిగి ఇట్లన్నాడు. "ఈ పిల్లవాడి వేళ్ళు చూడండి. ఇది తరతరాల విద్య. ఇటువంటి వాణ్ణి గాజుబుడ్ల దగ్గర కూర్చోబెట్టి పాడుచేయకూడదు. ఎవరి చదువు వాళ్ళ కులవృత్తిలోంచి ఎదగాలి. మీ బడిలో నేత క్లాసు పెట్టండి. ఈ పిల్లలందరూ అందులో ఉండాలి. సైన్సు మేమిస్తాం, కళ మీరివ్వండి." అందరూ చప్పట్లు కొట్టినారు. నేనూ కొట్టినా. అదీ నా తెలివి.

పెట్టె బడిలోనే ఉండిపోయింది. మా వీధి పిల్లకాయలందరినీ నేత క్లాసులో వేసినారు. సైన్సుకు, నేతకు ఒకటే గంట. వరండాకు అవతల గదిలోంచి గాజుసామాన్ల చప్పుడు, పిల్లకాయల నవ్వులు వినపడేవి. నన్ను సైన్సుకు తీసుకోమని సైన్సయ్యవారు హెడ్మాస్టరు దగ్గరికి పోయినాడని తర్వాత తెలిసింది. తిరిగొచ్చేటప్పుడు నా పక్కనుంచే పోయినాడు గానీ నా మొగం చూడలేదు. ఆయన ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు పాపం.

నేత నేర్పేదానికి మా నాయన్ను పిలిచినారు. ఆ మాట తెలిసిన దినం నాయన వీధిలో ఒక్క గడప వదలలేదు. "కాలేజీ పెద్దాయన మావోని భుజం మీద చెయ్యేసినాడంటప్పా. ఇంగ వాణ్ణి వాళ్ళే తీసకపోతారు" అని అందరికీ చెప్పుకున్నాడు. హాల్లో పెద్దాయన ఏమన్నాడో నేను ఇంట్లో చెప్పలేదు. చాకలి మడత పంచె కట్టుకోని, పాగా చుట్టుకోని బడికి వచ్చేవాడు. పిలిచేదాకా గది బయటే నిలబడేవాడు. మా క్లాసు పిల్లకాయల్ని "ఇట్ల పట్టుకో సామీ" అనేవాడు. పోగు తెగితే మామూలుగానే నాలుకకు అంటించుకొనేవాడు. కిటికీలోంచి చూసే సైన్సు క్లాసు పిల్లకాయలు థూ థూ అని నవ్వేవాళ్ళు. నాయన వాళ్ళ దిక్కు చూసి తానూ నవ్వేవాడు, పిల్లకాయలు తమాషా పడతాండారని. నేను మగ్గం కిందికి వంగి ఏదో సరిచేస్తాండినట్టు ఉండేవాణ్ణి. ఆ గదిలో నేను ఆయన్ను ఒక్కనాడూ నాయనా అని పిలవలేదు, అయ్యవారూ అనీ పిలవలేదు. "బడిలో మావోడు శానా మర్యాదగా ఉంటాడే" అని ఆయన అమ్మతో చెప్పుకొనేవాడు. అది వినలేక నేను బయటికి పోయేవాణ్ణి.

ఎండాకాలం మొదట్లో మేము నేసిన తువ్వాళ్ళు, చీర ఒకటి కాలేజీ ప్రదర్శనకు పోయినాయి. కొన్నాళ్ళకు ఒక సాయంత్రం సైన్సయ్యవారు మా ఇంటికి వచ్చినాడు. సైన్సు గదిలోంచి ఎవరెవర్ని కాలేజీవాళ్ళు తీసుకున్నారో చెప్పి, నా సంగతి నాయనతో మాట్లాడి పోదామని వచ్చినాడు. మా ఇంటికి అటువంటి మనిషి రావడం అదే మొదలు. నాయన గుంతలోంచి లేచి, చేతులు తుడుచుకోని, కొత్త తువ్వాలు పరిచి కూర్చోమన్నాడు. మా ఇంట్లో నీళ్ళు తాగడని అరటిపండ్లు తెప్పించి ముందర పెట్టినాడు. అయ్యవారు ఒక పండు చేతిలోకి తీసుకున్నాడు గానీ ఒలవలేదు.

"మీవాడి సంగతి..." అని ఆయన మొదలుపెట్టినాడు.

"తెలుసు సామీ" అన్నాడు నాయన. ఆయన మొగమంతా నవ్వే. "వాడు నేసిందే కాలేజీకి పోయింది గదా, ఇంగ వాడు పోయేదే తరవాయి. నేనే వచ్చి మిమ్మల్ని ఒక మాట అడగాలనుకుంటాండా. కాలేజీలో మావోనికి మగ్గం యాడ ఏస్తారు సామీ? గుంత మటుకు వాళ్ళను తవ్వనీయొద్దని చెప్పండి. నేనే వచ్చి తవ్విస్తా. లోతు తప్పిందంటే పిల్లోని మోకాళ్ళు పోతాయి."

అయ్యవారు నా దిక్కు చూసినాడు. ఆయన కండ్లలో నీళ్ళు తిరిగినాయి, చేతిలో పండు కింద పెట్టేసినాడు. చెప్పాల్సింది నేనేనని అర్థమైంది.

"మనింట్లో గుంత ఉండాది కదా నాయనా" అన్నా. "నాకు అదే."

నాయన మొగంలో నవ్వు వెంటనే పోలేదు. ఆయనకు అర్థమయ్యేదానికి కొంచేపు పట్టింది.