ఏసుదానం బండికి జ్వరం

ఏసుదానానికి లోకంలో ఒకే ఒక్క భయం ఉండేది, తన టాక్సీ ఇంజను వేడెక్కుతుందని. పాములంటే భయం లేదు. పోలీసులంటే లేదు. ఆఖరికి భార్య శారమ్మ అన్నా లేదు. అది కొంచెమైనా ఉండి ఉంటే బాగుండేదని శారమ్మ అనుకునేది.

నిజామాబాద్ స్టేషన్ అడ్డా నుంచి బోధన్ దాకా ఆయన కళ్లు రోడ్డు మీదా, చెవులు ఇంజను మీదా ఉండేవి. ఆ బండి ఏ కంపెనీదో ఎవరికీ తెలియదు, ముందున్న పేరు రేకు ఎన్నడో ఊడిపోయింది. ఎండాకాలం వస్తే దాని ముఖానికి తడి గోనెసంచి కట్టేవాడు. మనుషులకు వడదెబ్బ తగలకుండా ఉల్లిగడ్డ జేబులో పెట్టుకుంటాం కదా, ఈయన రేడియేటర్‌కు ఉల్లిగడ్డల దండ వేసేవాడు. అడ్డాలో ఖాళీగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి విసనకర్రతో విసురుతూ, "నిమ్మళం, నిమ్మళం" అని దాన్ని బుజ్జగించేవాడు.

శారమ్మ దవాఖానలో నర్సు. ఇస్త్రీ చేసిన తెల్ల చీర, గట్టిగా దువ్విన జడ, ఎవరి నోటా మాట పడకుండా బతకాలన్న పట్టుదల. అలాంటి మనిషి ఒకరోజు తన జ్వరం కొలిచే గాజు పుల్ల కోసం సంచీ అంతా వెతికి, భర్తను అడిగింది.

"గదా? ఇంజను జరం చూద్దామని రేడియేటర్‌ల పెట్టిన. టప్పుమన్నది."

"పగిలిందా?"

"పగిలింది గని శారమ్మా, జరం ఉన్నదని మాత్రం తేలింది."

మర్నాడు డాక్టరుగారు, "ఎవరికమ్మా గాజు పగిలేంత జ్వరం?" అని అడిగితే, శారమ్మ సూదులు మరగబెట్టే గిన్నె అందుకుని పక్క గదిలోకి నడిచింది.

అది నలుగురి ముందు జరిగిన సిగ్గు. నూరుమంది ముందు జరిగింది చర్చిలో. ఆరాధన చివర పాస్టరుగారు, "ఎవరికోసమైనా ప్రార్థన చేయాలా?" అని అడగ్గానే ఏసుదానం లేచి, తువాలు చేతుల్లో నలుపుతూ గొంతు తగ్గించి చెప్పాడు.

"అయ్యగారూ, మా ఇంట్ల ఒకామెకు ఒళ్లు కాలిపోతున్నది. పొద్దు నెత్తి మీదికొస్తే ఆవిర్లు కక్కుతది. ఎడపల్లి దాటంగనే గుర్రుగుర్రుమంటది."

ఎడపల్లి సంగతి ఎవరి చెవికీ ఎక్కలేదు. అందరూ శారమ్మ వైపు జాలిగా తిరిగారు. పాస్టరుగారు కళ్లు మూసుకుని, ఆ సహోదరి దేహంలోని తాపాన్ని తీసివేయమని దీర్ఘంగా ప్రార్థించారు. బయటికి రాగానే ఆడవాళ్లు ఆమె నుదుటి మీద చేతులు వేసి చూశారు.

"చల్లగనే ఉన్నవు గదా శారమ్మా?"

"నాకు కాదు."

"మరి ఎవరికే?"

శారమ్మ గోడ పక్కన నీడలో తడి గోనె కప్పుకుని పడుకున్న బండి వైపు చూపు తిప్పింది. పాస్టరుగారు దగ్గు తెచ్చుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆ తర్వాత చాలా ఆదివారాలు శారమ్మ చివరి వరసలో కూర్చుని, అందరికంటే ముందు లేచి వచ్చేసింది.

ఇక రోడ్డు మీద సంగతి. బోధన్ చేరేలోగా బండి ఎక్కడో ఒకచోట ఆగాల్సిందే. "దిగుండ్రి, దిగుండ్రి! ఇంజను వేడెక్కింది!" అని ఏసుదానం కేకేసేవాడు. మగవాళ్లందరినీ బానెట్ ముందు వరసగా నిలబెట్టి, తలా ఒక తువాలు ఇచ్చి విసరమనేవాడు. ఎవరైనా పక్కకు చూస్తే ఊరుకునేవాడు కాదు. "అన్నా, ధ్యానం ఇంజను మీద పెట్టు! గాలి ఆగితే పేలుతది!"

పేలుతుందంటే ఎవరు తల తిప్పుతారు?

ఈ కథలను బోధన్ చుట్టూ ఊరూరా పంచిపెట్టినవాడు ఆత్మారాం సేట్. చెరుకు కాంట్రాక్టరు, పట్టంచు ధోవతి, పెద్ద బొజ్జ, అంతకంటే పెద్ద నవ్వు. "ఏసుదానం బండ్ల పెండ్లికని పోతే, పోరని పుట్టువెంట్రుకలకు చేరుతం!" అని ఆయన అంటే పది మంది చేతులు చరుచుకునేవారు. ఆ నవ్వు దవాఖాన దాకా వచ్చేది. రోగులు కూడా, "నర్సమ్మా, మీ బండికెట్లున్నది?" అని అడిగేవారు. శారమ్మ సూది కొంచెం గట్టిగా పొడిచేది.

పందొమ్మిది వందల అరవైల్లో ఒక మే నెల. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడే కాలం అయిపోయి, చెరుకు తెచ్చే ఎడ్లబండ్లు నిలిచే పెద్ద మైదానం ఖాళీగా పడి ఉంది. అక్కడ టాక్సీలకు పందెం పెట్టాలని ఊళ్లోని క్లబ్బువాళ్లకు బుద్ధి పుట్టింది. గెలిచిన బండికి, ఏడాది పొడుగునా క్లబ్బుకు వచ్చే అతిథులను తిప్పే పని. అది దొరికితే అడ్డాలో గిరాకీ కోసం గొంతు చించుకునే బాధ ఉండదు. శారమ్మకు కూడా ఆశ పుట్టింది. చర్చి ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చి, షామియానా కింద ముందు వరసలో కూర్చుంది.

ఎవరూ అడ్డదారి తొక్కకుండా ఒక్కో బండిలో ఒక్కో పెద్దమనిషి కూర్చోవాలని షరతు. చీట్లు వేస్తే ఏసుదానం బండికి ఆత్మారాం సేట్ పేరు వచ్చింది. మైదానమంతా ఘొల్లున నవ్వింది. అప్పటికే మామిడిపండ్ల రసంతో పూరీలు దట్టించి వచ్చిన సేట్ ధోవతి ఎత్తి పట్టుకుని బండి ఎక్కుతూ, "మా ఇంటామె తారాబాయికి కబురు చెప్పుండ్రి, వచ్చే ఉగాదికి ఇంటికొస్త!" అన్నాడు.

శారమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

కానీ పందెం మొదలయ్యాక నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నిప్పులు చెరిగే ఎండ. మిగతా డ్రైవర్లు మొదటి చుట్టు నుంచే బండ్లను చావగొట్టారు. ఒకటి ఆవిరి చిమ్ముతూ నిలిచిపోయింది. ఇంకొకటి పొగలో కనిపించకుండా పోయింది. ఏసుదానం మాత్రం మలుపులో కాలు తీస్తూ, తడి గోనె ఆరకముందే పక్కనుంచి చెంబుతో నీళ్లు చిలకరిస్తూ, పెండ్లికూతురిని తీసుకుపోతున్నట్టు నడిపాడు. ఆఖరి చుట్టు వచ్చేసరికి ముందున్నది ఏసుదానం, వెనక ఎక్కడో ఈడ్చుకుంటూ వస్తున్నది గులాం అనే డ్రైవరు బండి.

శారమ్మ తనకు తెలియకుండానే లేచి నిలబడింది. కొంగు మూతి మీద నుంచి జారిపోయింది. "మా ఆయనే!" అంది, పక్కవాళ్లు అడగకపోయినా.

అప్పుడే, మైదానం ఆ చివర కొండలా పోసిన చెరుకు పిప్పి కుప్ప దగ్గర బండి ఆగింది. ఏసుదానం దిగాడు. బానెట్ ఎత్తాడు.

"ఇంజను వేడెక్కింది!" అని దూరం నుంచి ఆయన కేక వినిపించింది. మైకులో ఎవరో, "ఆడవాళ్లు విసనకర్రలు పంపాలని మనవి!" అన్నారు. జనం కుర్చీల మీద నుంచి పడి నవ్వారు. గులాం బండి దగ్గుతూ, తుమ్ముతూ గీత దాటింది.

శారమ్మకు భూమి తనను మింగితే బాగుండుననిపించింది. అది మింగలేదు కాబట్టి, షామియానా మూలనున్న నీళ్ల బిందె చంకనెత్తుకుని మైదానానికి అడ్డంగా నడిచింది. ఆ నీళ్లను ఇంజనులో పోస్తుందో మొగుడి నెత్తిన పోస్తుందో ఆమె ఇంకా తేల్చుకోలేదు.

దగ్గరికి వెళ్లేసరికి ఏసుదానం బానెట్‌కు ఆనుకుని సన్నగా కీర్తన పాడుకుంటున్నాడు. రేడియేటర్ మూత ఒట్టి చేత్తో తిప్పుతున్నాడు. ఆవిరి లేదు, బుస లేదు. శారమ్మ అరచేయి ఆనించి చూసింది. రోజంతా జ్వరాలు చూసే చెయ్యి అది.

"ఇది నిమ్మళంగనే ఉన్నది గదా! ఎందుకు ఆపినవ్? సేట్ ఏడి?"

ఏసుదానం కళ్లతోనే పిప్పి కుప్ప వెనక్కి చూపించాడు.

కొంతసేపటికి కుప్ప వెనక నుంచి ఆత్మారాం సేట్ వచ్చాడు. ముఖం పాలిపోయింది, ధోవతి అంచు మట్టి కొట్టుకుపోయింది, నవ్వు ఎక్కడో పోయింది. శారమ్మను చూసి అడుగు వేయలేక నిలబడిపోయాడు. తనను పెద్దగా చేసుకుని బతికే మనిషి అంత చిన్నగా నిలబడటం ఆమె ఎన్నడూ చూడలేదు. తనే తల దించుకుంది.

"నీళ్లు దొరికినయా సేట్?" అన్నాడు ఏసుదానం గట్టిగా. "శారమ్మా, ఇంజనుకు నీళ్ల కోసం నేనే తోలిన. పాపం, ఎండల తిప్పలవడ్డడు."

సేట్ రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. "ద... దొరకలే," అన్నాడు.

శారమ్మ బిందె వంచింది. నీళ్లు ఇంజనులో పడలేదు, సేట్ చేతుల్లో పడ్డాయి. ఆయన కడుక్కుంటూ తల ఎత్తలేదు.

ఆయన బండిలో కూర్చున్నాక శారమ్మ భర్తను పక్కకు లాగింది. "నేను పోయి మైకుల చెప్త. వేడెక్కింది ఇంజను కాదు, సేట్ కడుపని చెప్త! ఏడాది పని పోయింది మనకు!"

"వద్దు శారమ్మా. ఊర్ల తలెత్తుకొని తిరిగే మనిషి."

"మరి నీ తల?"

"నా తల ఎప్పుడు బానెట్ లోపట్నే ఉంటది గదా. ఎవనికి కనవడ్తది?"

శారమ్మ ఖాళీ బిందె చంకనెత్తుకుని వెనక్కి నడిచింది.

తిరుగు ప్రయాణంలో బండి నిండా జనం. వెనక సీటులో శారమ్మ పక్కన భూమవ్వ, కూరగాయలమ్మే ముసలామె. ఆమె పక్కన నిండు నెలల కడుపుతో ఆమె కూతురు. ఎడపల్లి దాటాక, చెట్లు గుబురుగా ఉన్న కాలువ గట్టు దగ్గర బండి ఆగింది.

"దిగుండ్రి! ఇంజను వేడెక్కింది!"

మగవాళ్లు గొణుక్కుంటూ దిగి, బానెట్ ముందు వరసగా నిలబడి విసరడం మొదలుపెట్టారు. అందరి ముఖాలూ ఇంజను వైపు, అందరి వీపులూ గట్టు వైపు. భూమవ్వ కూతురి చెయ్యి పట్టుకుని నిదానంగా గట్టు దిగి చెట్ల చాటుకు వెళ్లింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వెనకే వెళ్లారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు.

ఒళ్లంతా కళ్లుండే నర్సు శారమ్మకు ఇన్నేళ్లు ఇది కనిపించలేదు.

తిరిగి వచ్చి కూర్చుంటూ భూమవ్వ అంది, "నర్సమ్మా, బస్సుల ఆపుమంటే కండక్టరు నవ్వుతడు. మొగోళ్ల ముంగట ఎట్ల అడుగుతం, పానం పోయినా అడగం. మీ ఆయన బండయితే అడగకముందే వేడెక్కుతది. మా వాడ ఆడోళ్లందరం గిదే ఎక్కుతం."

శారమ్మ ముఖం కాలిపోయింది. ఇన్నాళ్లూ ఈయనను చూసి సిగ్గుపడింది. ఇప్పుడు ఆ సిగ్గును చూసి సిగ్గుపడింది. ఇల్లు చేరాక, గడప దాటకుండానే నిలదీసింది.

"ఇంజను ఎన్నడూ వేడెక్కలేదన్నట్టు! అంతా ఆడోళ్ల కోసమేనా?"

"అయ్యో, అట్లనకు!" ఏసుదానం నొచ్చుకున్నాడు. "సగం సార్లు నిజంగనే వేడెక్కుతది. పాపం, దానికి జరాల ఒళ్లు."

క్లబ్బు పని గులాంకే పోయింది. ఆత్మారాం సేట్ ఏసుదానం బండి కథలు చెప్పడం మానేశాడు. ఎందుకు మానేశాడో ఎవరికీ చెప్పలేదు. ఒకసారి మాత్రం సొంత కారు ఇంటి ముందు పెట్టుకుని, తారాబాయిని తీసుకుని అడ్డాకు వచ్చి ఏసుదానం పక్క సీటులో కూర్చున్నాడు.

ఆ రోజు శారమ్మ కూడా బండిలో ఉంది. వెనక మూలన కొత్తగా పెండ్లయిన పిల్ల ఒకతె, అత్తగారి పక్కన ముడుచుకుని కూర్చుంది. జానకంపేట దాటాక ఆ పిల్ల అటు కదిలింది, ఇటు కదిలింది, పెదవి కొరుక్కుంది. ముందు సీటులో సేట్‌తో వానల ముచ్చటలో పడి ఏసుదానం గమనించలేదు.

శారమ్మ ఒక్కసారి గొంతెత్తింది. "ఇగో, ఇంటున్నవా! బండి ఆపు! ఇంజను వేడెక్కింది!"

ఏసుదానం బిత్తరపోయాడు. "ఏడ? మంచిగనే ఉన్నది గదా, పొద్దుగాలనే..."

"నర్సును నేనా, నువ్వా? జరం నాకెరుక. ఆపు!"

ఏసుదానం అద్దంలో వెనక్కి చూసి, బండిని గుబురు పక్కకు తిప్పాడు. శారమ్మ దిగి, తెల్ల చీర కుచ్చిళ్లు పైకి దోపి, మగవాళ్లను బానెట్ ముందు వరసలో నిలబెట్టడం మొదలుపెట్టింది. ఎవరికంటే ముందు ఆత్మారాం సేట్ దిగి వచ్చాడు. పట్టంచు కండువా భుజం మీద నుంచి తీసి రెండు చేతులా పట్టుకుని, పక్కనున్నవాడు తల తిప్పబోతే గద్దించాడు.

"అటెందుకయ్యా చూసుడు? ఇసురు, గట్టిగ ఇసురు! పేలుతది!"