ప్రదక్షిణ రంపం

మా అత్తగారి కొత్త ఇల్లు గేటు లేకుండా గృహప్రవేశం చేసుకునే దాకా వచ్చింది. కారణం వర్షం కాదు, దొంగలు కాదు, అల్లుడు. అంటే నేనే.

అప్పట్లో నేను పటాన్‌చెరులో విలేకరిని. ఫ్యాక్టరీల మీద వార్తలు రాసి రాసి, ఫ్యాక్టరీ నడపడం కూడా వచ్చేసిందనుకునే స్థితికి చేరుకున్నాను. పెళ్లి విందుల గురించి రాసేవాడు తనే వంటవాణ్ననుకున్నట్టు. మా బావమరిది మల్లేశ్‌కు హైవే పక్కన గేట్లు, గ్రిల్స్ చేసే షెడ్డు ఉంది. ఇనుము కోయడానికి వాడికి ఒక్కటే మిషను. గుండ్రటి రాయి బిళ్ల గిర్రున తిరుగుతూ నిప్పురవ్వలు చిమ్మేది. ఆ మోతలో నా మాటలెవరికీ వినపడేవి కావు. ఈ అన్యాయాన్ని సహించలేక, చప్పుడు లేకుండా కోసే పట్టీ రంపం నేనే చేసిస్తానన్నాను.

తుక్కు దుకాణం నుంచి రెండు స్కూటర్ చక్రాలు తెచ్చి ఒకదాని పైన ఒకటి నిలబెట్టాను. పళ్లున్న పొడవాటి ఉక్కు పట్టీని చివరలు అతికించి, రెండు చక్రాలకూ బెల్టులా తొడిగాను. మధ్యలో ఇనుప బల్ల. చక్రం తిరిగితే పట్టీ బల్లలోంచి కిందికి దిగుతూ పైపును కోయాలి. మోటారుకూ కాళ్లకూ మల్లేశ్ పాత మిషనునే విప్పి, మళ్లీ బిగించే దారి లేకుండా దీనికి వెల్డింగు చేసేశాను.

"రేపు పొద్దుగాల కంది ఊర్ల అమ్మ కొత్తింట్ల గృహప్రవేశం బావా. గేటు పైపులు ఇంక కొయ్యనే లేదు," అని మల్లేశ్ నసిగాడు.

"ఆ పైపులే దీనికి బోణీ," అన్నాను.

కొత్త మిషనుకు పూజ చేయకుండా స్విచ్ వేసేవాళ్లు మా వైపు లేరు. గృహప్రవేశం చేయించే పంతులుగారినే ముందురోజు షెడ్డుకు పిలిచాం. పసుపు, కుంకుమ తెచ్చిన మా అత్తగారు మిషను వెనకాల నీడలో కుర్చీ వేసుకున్నారు. పంతులుగారు ముందు వైపు కూర్చున్నారు. స్విచ్ వేశాను. ఆయన చెయ్యెత్తారు.

"ఆపండి. చక్రం అప్రదక్షిణంగా తిరుగుతున్నది. శుభమా అని కట్టుకున్న ఇంటి గేటు దీని మీద కోస్తారా?"

నిజమే. గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతోంది. ఇంకొకరైతే ఆయనకు నచ్చజెప్పేవారు. నేను వైర్లు పట్టుకున్నాను. మోటారు మూడు వైర్లలో రెండింటిని అటూ ఇటూ మారిస్తే తిరిగే దిక్కు మారుతుంది. ఎప్పుడో ఏ ఫ్యాక్టరీలోనో విన్న ముక్క. మార్చాను. చక్రం భక్తిగా ప్రదక్షిణం మొదలుపెట్టింది.

తొలి కోత నిమ్మకాయ. బల్ల మీద పెట్టి తోశాను. పట్టీ కిందికి దిగడం మాని పైకి పరుగెడుతోందని మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. నాకు తట్టలేదు. నిమ్మకాయ లేచి, పైకప్పు రేకుకు తగిలి, పంతులుగారి ఒడిలో పడింది.

"స్వామి స్వీకరించాడు," అన్నారాయన, కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంటూ.

తర్వాత పైపు. పళ్లు కిందికి చూస్తున్నాయి, పట్టీ పైకి పోతోంది. పిల్లిని బొచ్చు వాలున నిమిరినట్టు పైపును నిమిరింది. గట్టిగా నొక్కాను. పైపు తెగలేదు, నిగనిగలాడింది. మల్లేశ్ అందులో తన ముఖం చూసుకున్నాడు.

"ఇది కోస్తలేదు బావా, తోముతున్నది."

"కొత్తది గదరా, జెర అలవాటు పడనియ్యి."

మధ్యాహ్నం దాటినా దానికి అలవాటు కాలేదు. ఆదివారం కావడంతో పక్క షెడ్లన్నీ మూసి ఉన్నాయి. పాత మిషనుకు కాళ్లు లేవు, కొత్త మిషనుకు బుద్ధి లేదు. గేటు జాగాలో చీర కడదామా అని మల్లేశ్ దిగాలుగా అడుగుతున్నాడు. అప్పుడు అత్తగారు నోరు విప్పారు.

"అల్లుడా, ఒక ముచ్చట అడుగుత, ఏమనుకోకు. పొద్దుగాల మంచిగ తిరిగేదాన్ని ఉల్టా ఎందుకు చేసినవ్?"

"ఉల్టా ఏంది అత్తమ్మా? ఇప్పుడే గదా ప్రదక్షిణంగ తిరుగుతున్నది."

"నేను కూసున్న కాడికెల్లి సూడు. ముందుగాల సక్కగ తిరిగింది, ఇప్పుడు ఉల్టా తిరుగుతున్నది. సదువుకున్నోళ్లు, తెల్సే చేసిన్రనుకున్న."

అవతలి పక్షం మాట వినకుండా వార్త రాయొద్దని కొత్త విలేకరులకు పాఠాలు చెప్పేవాణ్ని నేను. అవతలి పక్షం పొద్దుటి నుంచీ కుర్చీలో కూర్చునే ఉంది.

పంతులుగారు లేచి, కుర్చీ మోసుకుంటూ మిషను చుట్టూ నడిచి, అత్తగారి పక్కన వేసుకున్నారు.

"వైర్లు మళ్లీ మార్చండి. ఇక్కడి నుంచి అంతా శాస్త్రోక్తంగానే ఉంటుంది."

మార్చాను. పైపులు దోసకాయల్లా తెగాయి. మర్నాడు ముహూర్తానికి గేటు నిలబడింది. గేటులో బిగించిన ఆ తోమిన పైపుకు మాత్రం అత్తగారు నేటికీ రంగు వేయనివ్వరు. అల్లుడి పనితనమని వచ్చిన చుట్టాలందరికీ చూపిస్తారు.

ఆ గేటు ముందే, రేకుకు తగిలి సొట్టపడిన నిమ్మకాయ చేతబట్టి ప్రమాణం చేశాను. ఇకపై ఏ యంత్రం మీద చెయ్యి వేయాలన్నా, ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూస్తాను. ప్రదక్షిణంగానే.