భూమి తరఫు వకీలు

ఓవర్సీర్ వీరభద్రం భూమిని ఒక్క మాట అననిచ్చేవాడు కాదు. అదీ ఆయన జబ్బు. భద్రాచలం వైపు భూకంపం వచ్చి వరంగల్ దాకా గిన్నెలు గలగలమన్న నాటి నుంచి ఊళ్లో ప్రతి గోడ పగులుకూ భూకంపమే కారణమైంది. ఏ పగులు దేనివల్లో రాయాల్సింది సుబేదారిలోని సర్కారు ఇంజనీర్ల ఆఫీసులో ఈయనే. పగులు మీద సిమెంటుతో సన్నటి గాజుపలక అతికించి, "భూమి ఏం జేసింది పాపం?" అనేవాడు. పగులు పెరిగితే గాజు చీలుతుంది, లేకపోతే లేదు.

పెళ్లికి పోయినా అంతే. అందరూ అక్షింతలు వేస్తుంటే ఈయన వెనక గోడ తట్టేవాడు.

"నన్నెందుకు చేసుకున్నవ్? ఏ గోడనో చేసుకోకపోయినవ్!" అని భార్య శకుంతల మండిపడేది.

"గోడ తిడతదా నన్ను?"

అసలు మంట శకుంతల అన్న పాండురంగం దగ్గర రాజుకుంది. హన్మకొండలో ఆయనకు బట్టల దుకాణం. దాని వెనక పాత ఇటుకల ఇంట్లో మిర్చి తొడిమెలు తీసే బక్కమ్మ కిరాయికుండేది. ఆమెను వెళ్లగొట్టి గోదాము కట్టాలని ఆయన ఆశ.

"బావా, భూకంపానికి ఇల్లు పాడైంది, మనిషి ఉండద్దు అని రాయి. జర నీ పుణ్యముంటది."

"భూమి ఏం జేసింది పాపం?" అంటూ వీరభద్రం గాజు అతికించి వచ్చాడు.

వానలు వెలిశాక కబురొచ్చింది. గాజు పగిలింది! పాండురంగం మొహం వెలిగిపోతోంది. బక్కమ్మ అప్పటికే గిన్నెలు మూటగట్టుకుని వాకిట్లో కూర్చుంది. ఈసారన్నా మొగుడు అన్న మాట వింటాడని శకుంతల కూడా వెళ్లింది.

వీరభద్రం కళ్లజోడు సర్దుకున్నాడు.

"గోడ జరిగితే గాజు పగులు ఎంబడే చీలుతది బావా. ఇది నడిమిట్ల దెబ్బతిని చుట్టూ పగిలింది. భూమి సుత్తె పట్టుకొని రాదు."

వీరభద్రం పైకప్పు వైపు వేలు చూపించాడు.

"మీద గొట్టం విరిగి వాన నీళ్లన్ని పునాదిలకే పోతున్నయ్. బాగు చేపియ్యి, గోడ నిలుస్తది. బక్కమ్మా, మూట ఇప్పుకో!"

ఆ రోజుతో శకుంతలకు పుట్టిల్లు మూతపడింది. బతుకమ్మకు పిలుపు లేదు, చీర లేదు.

"భూకంపమని ఒక్క మాట రాస్తే నీ సొమ్మేం పోతుండె?" అని ఏడ్చింది.

"భూమి మీదికి తోస్తే ఎవ్వలది తప్పు లేనట్టే. తప్పే లేకుంటే ఎవ్వలు బాగుచేస్తరే? గొట్టం గట్లనే ఉంటది, బక్కమ్మ రోడ్డు మీద ఉంటది."

శకుంతల కడుపుమంట చల్లారలేదు. పండుగ పోయింది, పుట్టిల్లు పోయింది, ఎట్లా చల్లారుతుంది? దసరా ముందు వదిన అనసూయ కూరగాయల మార్కెట్లో ఎదురై, "నీ మొగడు అన్నాచెల్లెండ్ల నడుమ భూకంపం తెచ్చిపెట్టిండు గద!" అని నలుగురిలో దెప్పింది.

శకుంతల సంచీ సర్దుకుంది.

"భూమి ఏం జేసింది వదినా, పాపం? సుత్తె మా అన్న చేతిల ఉండె!"