నెహెమ్యా కేక

పోర్ట్ బ్లెయిర్‌కి ఎదురొడ్డున బాంబూఫ్లాట్ ఆరోగ్య కేంద్రంలో అటెండరు నెహెమ్యాకు సూదంటే భయం. అలాంటిలాంటి భయం కాదు. ఏటా వానలకు ముందు ఫ్లూ టీకా వేయించుకుంటూ ఆయన పెట్టే కేకకి, ఓసారి జెట్టీ వదిలిన ఫెర్రీ ఎవరో ఎక్కడం మరిచిపోయారనుకుని వెనక్కి తిరిగొచ్చింది. ఎక్కడో రంగత్‌లో బస్సు డ్రైవరు బ్రేకు వేశాడు. నమ్మనివాళ్లు వెళ్లి అడగొచ్చు, ఆ డ్రైవరింకా ఉన్నాడు.

వింతేమిటంటే ఇంత పిరికివాడూ ఏ ఏడూ టీకా మానడు. పైగా మొదటి సూది తనకే కావాలంటాడు. ఫార్మసిస్టు రమణయ్య "రోజూ రోగాల మధ్యే ఉంటాం, ఫ్లూ మనల్నేం చేస్తుందయ్యా?" అని ఏటా తప్పించుకునేవాడు. ఓసారి నెహెమ్యా కళ్లు తుడుచుకుంటూ అందరి ముందూ అడిగాడు: "మీకూ భయమేనా సార్? రండి, ఇద్దరం కలిసి అరుద్దాం." రమణయ్య చొక్కా చెయ్యి మడిచాడు. ఆ వెనకే జీపు డ్రైవరూ మడిచాడు.

కొత్తగా వచ్చిన నర్సు సుందరికి మాత్రం ఈ గోల నచ్చలేదు.

"అంకుల్, రేపు హోప్ టౌన్ టీకా క్యాంపులో అరవకండి. మీ కేక వింటే కాళమ్మ అసలే రాదు."

"నోరు నా మాట వినదు సిస్టర్."

సుందరి దిగులంతా కాళమ్మ గురించే. ఎండుచేపలమ్మే కాళమ్మకు డెబ్భై ఏళ్లు, ఉబ్బసం. కిందటి వానల్లో ఫ్లూ వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉంది. ఇంకో జ్వరం వస్తే తట్టుకోలేదన్నాడు డాక్టరు. టీకా అంటే మాత్రం "నాకు కాళీ నేదు" అంటుంది. వలలో పడ్డ సొరచేపను చెప్పుతో కొట్టి పడుకోబెట్టిన మనిషి మరి, ఆవిడని బలవంతపెట్టేదెవరు?

మర్నాడు హోప్ టౌన్ ఒడ్డున బల్ల వేశారు. పది దాటినా పిట్ట కూడా రాలేదు. నెహెమ్యా నిట్టూర్చి స్టూలు మీద కూర్చున్నాడు. సుందరి స్పిరిట్ దూది ఇలా ఆనించిందో లేదో,

"ఓ...లమ్మో...ఓ!"

పడవ లాగడానికి మనుషులు చాలనప్పుడు హోప్ టౌన్‌లో పెట్టే కేక అచ్చం అలాగే ఉంటుంది. అది చెవిన పడితే పొయ్యి మీద కూర వదిలేసైనా రావాలి. నలభై మంది పరిగెత్తుకొచ్చారు. అందరికంటే ముందు, చీర బొడ్లో దోపుకుని, ఆయాసపడుతూ కాళమ్మ.

"పడవేదిరా?"

"పడవ నేదు, గిడవ నేదు. సూదికే అరిసినాడు!" అని ఒడ్డున వల అల్లుకుంటున్న నూకన్న పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఓరి నెహెమ్యా! మొగోడివేనేటి? సీమ కుట్టినట్టుండేదానికి ఇంత గోలా?"

"అయితే నువ్వేయించుకో అత్తా, సూత్తాను."

నలభై జతల కళ్లు కాళమ్మ మీద పడ్డాయి. ఇక కూర్చోక తప్పలేదు. సుందరి ఆవిడ చెయ్యి పట్టుకుంది. అది అప్పుడే గట్టు మీద పడ్డ చేపలా కొట్టుకుంటోంది! కాళమ్మకు ఖాళీ ఎందుకు దొరకడం లేదో సుందరికి అప్పుడర్థమైంది. ఇంకో క్షణమైతే ఆ వణుకు ఊరంతా చూసేసేది.

"ఇంకా మండుతాందిరా దేవుడా!" అంటూ నెహెమ్యా ఇసకలో పడి దొర్లాడు. నలభై తలలూ అటు తిరిగాయి. మళ్లీ ఇటు తిరిగేసరికి కాళమ్మ భుజం మీద దూది ఉంది.

"బస్, ఇంతేనా?" అందావిడ దర్జాగా. ఆ తర్వాత వెనక్కి తగ్గడానికి ఊళ్లో ఒక్కడికీ మొహం చెల్లలేదు. మధ్యాహ్నానికి మందుల పెట్టె ఖాళీ.

వారం తిరక్కుండా నెహెమ్యా అరచేతిలో గాలం దిగింది. మత్తు సూది కూడా అక్కర్లేదని, డాక్టరు కోసి సూదితో కుట్లేస్తుంటే సురమై చేప పులుసులో చింతపండు ఎంత వేయాలో సుందరికి చెబుతూ కూర్చున్నాడు. రెప్ప కదిలితే ఒట్టు!

"అంకుల్... మరి టీకాకి ఆ కేకలు...?"

"హుష్! హోప్ టౌన్‌కి వినబడుద్ది."

ఆ వానల్లో కాళమ్మ తుమ్మింది, దగ్గింది, ఊరందరినీ తిట్టింది. ఆసుపత్రి గడప మాత్రం తొక్కలేదు.

మరుసటేడు సుందరి వాళ్లింకా బల్ల దించకముందే ఆవిడ ఒడ్డున కూర్చుని ఉంది.

"ముందు నాకెయ్యమ్మా. నన్ను సూసి ఆడు దైర్యం తెచ్చుకోవాల. ఏరా, నా సెయ్యి ఎట్టుకో."

నెహెమ్యా బుద్ధిగా పట్టుకున్నాడు. ఇద్దరి చేతుల్లో వణికేది ఎవరిదో వాళ్లిద్దరూ కాక సుందరికొక్కదానికే తెలుసు. సూది కాళమ్మ భుజంలో దిగింది.

నెహెమ్యా కేక పెట్టాడు.

అవతల ఫెర్రీ వెనక్కి తిరిగింది.