ఎర్ర తేరిలో తెలుగు మాట

కొత్తగా పెళ్లయిన మగవాడికి ఆ రోజుల్లో ధైర్యం ఒక నగలాంటిది. సొంతం కాకపోయినా పెట్టుకుని తిరగాల్సిందే. కోవిల్‌పట్టి పత్తి మిల్లులో గుమాస్తాగా కొత్తగా చేరిన నేను, మా ఆవిడ దగ్గర పులినని చెప్పుకునేవాణ్ణి. (ఆవిడ పుదూరు పక్క పిల్ల. విని ఊరుకునేది. నమ్మిందనుకున్నాను.) మా అవ్వ మొక్కు తీర్చడానికి బండి కట్టించుకుని సముద్రపొడ్డున ఉన్న తిరుచెందూరు గుడికి బయల్దేరాం. నల్లరేగడి తప్ప మరో నేల ఎరగని మాకు సముద్రమంటే వినికిడే.

మూడోనాటి మధ్యాహ్నం తేరి వచ్చింది. తేరి అంటే సముద్రానికి ఇవతల మైళ్ల కొద్దీ పరుచుకున్న ఎర్ర ఇసుక దిబ్బలు. గాలికి దిబ్బలే నడుస్తాయి. తాటిచెట్లు మెడదాకా పూడిపోయి, తలలు మాత్రం బయటపెట్టి మమ్మల్నే చూస్తున్నట్టున్నాయి. చక్రాలు దిగబడతాయని అవ్వను బండిలో చుట్టుదారిన పంపి, మేమిద్దరం అడ్డదారిన నడిచాం. పోతూ పోతూ అవ్వ హెచ్చరించింది. "తేరిలో దయ్యాలుండాయిరా. వాటికి అరవందా తెలుసు. మన మాటే మాట్లాడుకొని పోండి, వాటికేమీ అర్తం కాదు." వీధిలో అరవం, ఇంట్లో తెలుగు మాట్లాడే మాకు ఆ ఉపాయం సబబుగానే తోచింది.

కాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే మా అడుగులు లేవు, గాలి చెరిపేసింది. ఎటు చూసినా ఒకటే ఎరుపు. కనపడని సముద్రం ఎక్కడో గుర్రుమంటోంది. ఎండు తాటాకులు గలగలమంటే ఎవరో వెంట వస్తున్నట్టుంది. నేను గొంతు పెంచి, మిల్లులో పత్తి బేళ్లు ఎలా కడతారో తెలుగులో వివరించడం మొదలుపెట్టాను. అప్పుడు ఒక తాటితల వెనక నుంచి వణికే గొంతు, మన మాటలోనే, "ఏ ఊరు నాయనా మీది?" అంది.

నా కాళ్లు నన్నడగలేదు. రెండు దిబ్బలు దాటేదాకా నాకు పెళ్లయిందన్న సంగతే గుర్తు రాలేదు. గుర్తొచ్చాక ఆగిపోయాను. భార్యను దయ్యానికి అప్పగించి వచ్చిన మగవాణ్ణి! ఏడుపు మింగుకుంటూ వెనక్కి వెళ్లాను. తాటాకుల నీడలో చాప అల్లుతూ ఒక ముసలమ్మ, పక్కనే మా ఆవిడ. వానలు లేని ఏట ఆ ముసలమ్మ మా నల్లనేల నుంచి ఉప్పుకొటారు పనికి వచ్చిందట. మొగుడు పోయాక ఇంట్లో మాట్లాడే మనిషే లేదట. "మన మాట విని ఎన్నాళ్లాయనో తల్లీ. ఇంకొంచేపు మాట్లాడు," అంటూ చెయ్యి వదలడం లేదు. మా ఆవిడ వానల గురించి, గేదెల గురించి, ఏది నోటికొస్తే అది చెబుతూనే ఉంది. నాకు కళ్లు తడిశాయి. (ఇసుక పడిందన్నాను.)

అవతల బండి దగ్గర అవ్వ ఆరా తీసింది. "ఏమే పిల్లా, వీడు బయపడినాడా?"

నేను వంగి కాళ్లకంటిన ఇసుక దులుపుకోసాగాను.

"లేదవ్వా. దోవ తెలీలేదని ముందుగా పోయి చూసొచ్చిరి," అంది మా ఆవిడ, నా వైపు చూడకుండా.

ఆ తర్వాత ఇన్నేళ్ల కాపురంలో, ఎంత పోట్లాడుకున్నా, ఆవిడ ఆ పరుగు మాట ఎత్తలేదు. పిల్లలకూ మనవలకూ నేను ధైర్యస్థుణ్ణనే చెప్పింది. నా కోసం అబద్ధమాడే మనిషి ఇప్పుడు లేదు కనుక, నిజం నేనే చెప్పేస్తున్నాను.